తీగకు అవతలి చివర

మూడో క్షిపణి కూడా ఇసుకలో ముక్కు పొడుచుకుంది. చెక్కలతో చేసిన ఉత్తుత్తి ట్యాంకు మాత్రం దర్జాగా నిలబడే ఉంది.

క్షిపణి తోక నుంచి రెండు పోగుల సన్నటి తీగ విచ్చుకుంటూ పోతుంది. ఇక్కడ ఆ తీగ కొసనున్న పిడి ఎటు వంచితే అది అటు తిరగాలి. భీమశంకరం పిడి ఎడమకు వంచాడు. తిరగలేదు. ఇంకాస్త వంచాడు, ఇంకాస్త. అది ఒక్కసారిగా గిర్రున తిరిగి నేల కరిచింది.

"తీగ తెగిపోయింది మాస్టారూ. నా మాట దానికి చేరనే లేదు" అన్నాడు, పక్కనున్న గురువు కోదండపాణి గారితో.

మర్నాడు ఢిల్లీ నుంచి పెద్దలొస్తున్నారు. వాళ్ళ ముందు కూడా గురి తప్పితే, ఇన్నేళ్ళ పనికీ నీళ్ళొదులుకోవాల్సిందే. తోటివాళ్ళు జీపులెక్కి వెళ్ళిపోయారు. అతన్ని ఒక్కరూ పలకరించలేదు. మనుషులే దొరకని ఎడారిలో అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

కోదండపాణి గారొక్కరే మిగిలారు. తీగ ఇవతలి కొసకు ఓ టెలిఫోను తగిలించి, రెండోది శిష్యుడి చేతిలో పెట్టారు.

"అవతలి చివర ఇది తగిలించి మాట్లాడు. తెగిందీ లేనిదీ తేలిపోతుంది. మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. సరేనా?"

తెగి ఉంటే బావుణ్ణు అనుకుంటూ భీమశంకరం తీగ వెంబడి నడిచాడు. తెగితే తప్పు తనది కాదు. ఎంత దూరం పోయినా తీగ మాత్రం ఎక్కడా తెగలేదు. వెనక్కి చూస్తే మాస్టారు కనుమరుగయ్యారు.

క్షిపణి దగ్గర కూర్చుని ఫోను తగిలించాడు.

"మాస్టారూ, వినపడుతోందా?"

జవాబు లేదు.

"మాస్టారూ. నేనండీ, శంకరాన్ని. ఉన్నారా? మాస్టారూ."

గొంతు పోయేదాకా పిలిచాడు. అందరిలాగే ఈయనా వెళ్ళిపోయారనుకున్నాడు. ఏడుపొచ్చింది. ఫోను ఒళ్ళో పడేసి, మోకాళ్ళ మీద తల ఆనించుకున్నాడు.

ఒళ్ళోంచి సన్నగా మాట వినిపించింది.

"ఇక్కడే ఉన్నానోయ్."

గబుక్కున చెవికి ఆనించుకున్నాడు. "ఎప్పట్నుంచి పలుకుతున్నారండీ?" అని అడిగి, ఈసారి మీట వదిలాడు.

"నీ మొదటి పిలుపు నుంచీ. నువ్వు మీట వదిలితేనా?"

భీమశంకరం తన చేతికేసి చూసుకున్నాడు; పిడినీ ఇలాగే, అవతలి జవాబు కోసం ఆగకుండా వంచింది ఈ చెయ్యే. ఆ చెయ్యి చాచి క్షిపణిని తాకాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది.