బూరె అక్షరాల గంగరత్నం

కళ్ళు మూసుకుని వినరా నానీ. మధ్యలో లేచి కూర్చున్నావంటే చెప్పను, ఆఁ!

అనగనగా, గోదారి గట్టున ఒక ఊళ్ళో, గంగరత్నం అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న బోర్డులు రాసేవాడు. గంగరత్నం కూడా రాసేది గానీ, దాని అక్షరాలు నూనెలో వేసిన బూరెల్లా పొంగిపోయేవి. ఇంకెంత ఉబ్బిస్తే ఏమవుతుందా అని దానికి ఒకటే ఆరాటం.

"మూడు బోర్డులు రాయవే రత్నం," అన్నాడు నాన్న. "బాగుంటే కుంచె నీది. లేదంటే మళ్ళీ ముట్టుకోకు."

దానికి కుంచె అంటే ప్రాణం మరి.

మొదట సూరమ్మ పళ్ళబండికి 'మంచి పండు' అని రాసింది. ఉబ్బించింది, ఇంకా ఉబ్బించింది. ప తలకట్టుకీ ఒంటికీ మధ్య సందుంటుంది చూడు, అది కాస్తా పూడిపోయింది. ప పోయి వ అయి కూర్చుంది! అప్పుడు వచ్చినవాళ్ళంతా, "ఏం వండమంటావే సూరమ్మా?" అని ఒకటే నవ్వు. సూరమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ తర్వాత రేవు దగ్గర 'ఇక్కడ లోతు' అని రాసింది. గులాబీ రంగులో, ముద్దుగా, బొద్దుగా. అయ్యో రామా! లోతు అంటే భయపడాలా, ముద్దుపెట్టుకోవాలా? ఇంకా చదవడం రాని చిన్నబ్బి అనే బుడతడు అదేదో ఆటబొమ్మ అనుకున్నాడు. ముట్టుకుందామని పరుగెత్తి, జారి నీళ్ళలో పడ్డాడు. పడవ నడిపే యేసేబు చొక్కా పట్టుకుని లాగాడు కాబట్టి సరిపోయింది. గంగరత్నం వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఆ బోర్డు చెరిపేసి, ఎర్రరంగుతో బిగదీసి మళ్ళీ రాసింది.

ఇక మిగిలింది ఒక్కటే, అంగన్‌వాడీ గోడ. చిన్నబ్బి కూడా అక్కడికే రావాలి. కానీ వాడు ఆ రోజు నుంచీ అక్షరం కనపడితే చాలు, గుమ్మం బయటే కూర్చుని ఏడుపు.

అప్పుడు గంగరత్నం ఆలోచించింది. ఉబ్బు అక్షరాలు పిల్లల్ని పిలుస్తాయి. పిలవాల్సిన చోటే రాస్తేనో?

గోడమీద, చిన్నబ్బికి అందేంత ఎత్తులో, 'పడవ' అని రాసింది. బొద్దుగానే రాసింది. కానీ ఈసారి ప దగ్గర చిట్టి వేలు పట్టేంత సందు వదిలింది.

రంగు ఆరింది. చిన్నబ్బి తొంగి చూశాడు. ఆ తర్వాత మెల్లగా లోపలికొచ్చాడు. సందులో వేలు పెట్టాడు. చివరి అక్షరం కూడా తడిమాడు.

"అక్కా, దీనికి సందు లేదేం?"

"అది వ రా. ఇదేమో ప."

"మరి మధ్యలోది?"

వాడు ఏడుపు సంగతే మర్చిపోయాడు. వెనక నిలబడ్డ నాన్న ముందుకొచ్చి, కుంచె తీసి గంగరత్నం జడలో గుచ్చాడు.

ఏదీ, నీ వేలిటివ్వు. నా అరచేతిలో ప రాయి. సందు వదిలావా? మా నాన్నే!

కథ కంచికి, కునుకు కంటికి,
కుంచె రత్నానికి, నువ్వు మంచానికి!