కులపతి ముద్ర

పూర్వం ఒక విద్యాపీఠంలో ఉపాధ్యాయుల పరిశోధనల కోసం రాజుగారు ఇచ్చిన నిధి ఉండేది. దాన్ని పంచే అధికారం కులపతి సోమయాజిది. మూలికల పాఠం చెప్పే ఓబళయ్య ఆయన దగ్గరికి వెళ్లి, కొండకింది పల్లెలో పిల్లల్ని చంపుతున్న జ్వరానికి మందు వెతుకుతానని, నిధి ఇప్పించమని అడిగాడు.

"ఏం ఫలితం వస్తుందో ముందే రాసివ్వు. తెలియని పనికి నిధి ఇవ్వడం మా పద్ధతి కాదు," అన్నాడు కులపతి.

మర్నాడు ఓబళయ్య ఒక తాటాకు తెచ్చాడు. దాని మీద జ్వరంతో మంచం పట్టిన పందొమ్మిది మంది పిల్లల పేర్లున్నాయి.

"మీరు నిధి ఇస్తే ఏమవుతుందో నాకు తెలియదండీ. ఇవ్వకపోతే వీళ్లంతా పోతారు. ఈ ఫలితం ముందే తెలుసు కదా, దీనికి ఒప్పుకుంటున్నట్టు ముద్ర వేసివ్వండి. రాజుగారికి చూపిస్తాను," అన్నాడు.

కులపతి ఆ పేర్లన్నీ చదివాడు. నిధి పత్రం తెప్పించి, దాని మీద ముద్ర వేశాడు.

మందు దొరకడానికి మూడు నెలలు పట్టింది. ఎనిమిది మంది బతికారు. రాజసభలో కులపతికి శాలువా కప్పిన రోజున, ఓబళయ్య పల్లెకు వెళ్లి పదకొండు ఇళ్ల తలుపులు తట్టాడు. ఆలస్యమైందని ఆ తల్లులకు చెప్పి వచ్చాడు.