ఏడువందల టోపీలు, ఒక్క తల

ఏడువందల ఇత్తడి టోపీలు ఒకే తల కొలతకు తయారయ్యాయి. ఆ తల రాజుగారిది. తప్పంతా అక్కడే జరిగింది.

ఆ రాజుగారి పేరు రణధీర భూపతి. ఆయన ఏలింది మణిగిరి అనే చిన్న రాజ్యాన్ని. పేరులో రణం ఉంది గానీ ఆయన హయాంలో ఒక్క యుద్ధమూ జరగలేదు. అందువల్ల ఆయన శ్రద్ధంతా సైన్యం చూడ్డానికి ఎలా ఉందన్న దాని మీదే ఉండేది.

మణిగిరిలో ఒక కట్టుబాటు ఉంది. తలపాగా పొడవును బట్టి మనిషి హోదా. భటుడికి ఎనిమిది మూరలు, నాయకుడికి పన్నెండు, దళవాయికి పదహారు, రాజుగారికి ఇరవైనాలుగు. జానెడు ఎక్కువ చుట్టినా శిక్షే. కోటలో పాగాల కొట్టు పేరమ్మది. నలభై అయిదేళ్ళ మనిషి, సూటిగా మాట్లాడుతుంది. ప్రతి తలకీ ఆమె దగ్గర ఒక కొలత దారం ఉండేది. ఎవరి దారం వాళ్ళ పేరున ముడివేసి పెట్టెలో దాచేది.

ఒక ఏడు ఓడ వర్తకుడొకడు కోటకి వచ్చాడు. వాడి వెంట వచ్చిన కావలివాళ్ళ నెత్తిన ఇత్తడి టోపీలు! పైన కోడిపుంజు జుట్టులా ఎర్రటి కుచ్చు, ముక్కు మీదకి దిగిన ఇత్తడి పట్టీ, ఎండలో ఒకటే ధగధగ. వాటిని చూసిన రోజు నుంచీ రాజుగారికి అన్నం సయించలేదు.

"దసరా కవాతుకి నా సైన్యమంతా ఇలాగే ఉండాలి! ఆ గుడ్డపాగాలు మూటగట్టి మూల పడేయండి!" అన్నాడు.

దళవాయి భైరవరాయుడు ఏ కొలతకి చేయించాలని అడగాల్సింది. అడగలేదు. సైన్యం ప్రభువులకు ప్రతిబింబంలా ఉండాలని తనే తేల్చేసి, పేరమ్మ దగ్గర్నుంచి రాజుగారి దారం తెప్పించాడు. కొత్త కిరీటం కోసమేమో అనుకుని, ఎందుకని అడక్కుండా పేరమ్మ ఇచ్చేసింది. ఆ దారం పట్టుకుని కంచరి మల్లోజు మూడు నెలలు రేయింబవళ్ళు కొట్టాడు. మధ్యలో ఒకసారి, "ఇంతింత తలలేంటండీ?" అని అడిగితే, "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు దళవాయి.

రాజుగారి తల మామూలు తల కాదు. మంచి గుమ్మడికాయంత ఉంటుంది.

టోపీలు సరిగ్గా దసరా పొద్దున్నే అందాయి. పెట్టి చూసుకునే వ్యవధి ఎవరికీ లేదు. ఊరంతా మైదానంలో ఉంది. భేరీలు మోగాయి. ఏడువందల టోపీలు ఒక్కసారి మెరిసేసరికి జనం కేకలు పెట్టారు. రాజుగారు సింహాసనం మీంచి సగం లేచాడు.

"కుడివైపు తిరుగు!" అని అరిచాడు దళవాయి.

తలలు తిరిగాయి. టోపీలు తిరగలేదు.

ముక్కు పట్టీలు చెవుల మీదకొచ్చాయి. ఎవరికీ ఏమీ కనబడలేదు. అయినా నడవడం ఆపితే శిక్ష కాబట్టి నడిచారు. మొదటి వరస రాజుగారనుకుని పట్టపుటేనుగుకి వంగి వంగి దండాలు పెట్టింది. రెండో వరస భేరీలు వాయించేవాళ్ళ మీద పడింది. మూడో వరస ఇంకా ముందుకి పోయి పులిహోర గంగాళంలో కాళ్ళు పెట్టింది.

జనం పగలబడి నవ్వారు. రాజుగారి మొహం కందగడ్డ అయింది.

"ఎవడు చేశాడు ఈ టోపీలు?"

"కంచరి మల్లోజు, ప్రభూ. కొలత తప్పాడు" అన్నాడు దళవాయి తడుముకోకుండా.

మల్లోజు ముందుకొచ్చి చేతులు జోడించాడు. "ఇచ్చిన దారానికి వెంట్రుకవాసి తేడా లేకుండా చేశాను, మహాప్రభూ."

"ఏ దారం? ఎక్కడుంది దారం?" అని గద్దించాడు దళవాయి.

"నాది" అంది పేరమ్మ. జనంలోంచి మోచేతులతో తోసుకుంటూ వచ్చేసింది. మల్లోజు మొలలోంచి తీసిన దారం అందుకుని రాజుగారికి చూపించింది. "ఇదిగో, మూడు ముడుల దారం. ప్రభువుల తల కొలత. దళవాయిగారు మనిషిని పంపి తీసుకెళ్ళారు."

రాజుగారు దారం చూశాడు. తల తడుముకున్నాడు. "తల నాదే. దారం సరైనదే. మరి వీళ్ళకెందుకు పట్టలేదు?"

దళవాయికి ఊపిరి వచ్చింది. "తప్పు తలలది, ప్రభూ! వీళ్ళవన్నీ అల్పమైన తలలు. మీ తలంత తల వీళ్ళకెక్కడిది?"

ఈ మాట రాజుగారికి భలే నచ్చింది. "నిజమే! తల చిన్నదైతే మనిషీ చిన్నే. టోపీ పట్టనివాడెవడూ నా సైన్యంలో ఉండనక్కర్లేదు. పట్టినవాడే నాకు తగినవాడు. ఇక ఈ కంచరి, చిన్న తలలని తెలిసీ నోరు మూసుకుని నా పరువు తీశాడు. వీడి కుడి బొటనవేలు తీసేయండి!"

మల్లోజు తన బొటనవేలి వంక చూసుకున్నాడు. సుత్తి పట్టేది ఆ వేలి బలంతోనే. అది పోతే వాడి చేతిలో ఇంకేమీ ఉండదు. "పేరమ్మక్కా..." అన్నాడు.

పేరమ్మ ఏడవలేదు, కాళ్ళ మీద పడలేదు. దారం ఇచ్చింది తను. అడక్కుండా ఇచ్చింది. దాన్ని చక్కదిద్దడానికి ఉన్న సమయం తలారి కత్తి తెచ్చేంతవరకే.

"ప్రభువుల తీర్పు బాగుంది" అంది. "కానీ ముందు టోపీ ఎవరికి పడుతుందో చూడాలిగా? సైన్యం లేకుండా ఈ రోజు పొద్దు గడిచేదెలా? ఆ తరవాత వేలి సంగతి చూద్దురు."

"చూడు, చూడు!" అన్నాడు రాజు ఉత్సాహంగా.

"ముందు దళవాయిగారు. ఏవండీ, ఇందాకట్నుంచీ ఆ చెయ్యి టోపీ మీదే ఉంచారు. కాస్త తీయండి."

"నాది బాగానే..."

"తీయండయ్యా!" అన్నాడు రాజు.

చెయ్యి తీశాడు. టోపీ గడ్డం దాకా దిగింది. జనం మళ్ళీ గొల్లుమన్నారు. "ఎక్కడున్నారు దళవాయిగారూ?" అని ఎవడో అరిచాడు.

ఇక వరసే వరస! ఒక్కో భటుడూ రావడం, టోపీ పెట్టుకుని తల ఊపడం, టోపీ గిర్రున తిరగడం. వంద అయ్యాయి. మూడువందలు అయ్యాయి. తలారి కత్తి తెచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. ఏడువందలూ అయ్యాయి. ఒక్కరికీ పట్టలేదు.

పేరమ్మ చుట్టూ చూసింది. పట్టపుటేనుగు పక్కన మేత వేసే ఐలయ్య నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా తలలు కొలుస్తున్న కళ్ళు ఆమెవి. చూపుతోనే కొలిచేసింది.

"ఐలయ్యా, ఇలా రా."

"నేనెందుకమ్మా? ఏనుక్కి మేత వేళయింది."

"ఒక్క క్షణం" అంటూ టోపీ పెట్టింది. "ఊపు తల."

ఐలయ్య ఊపాడు. టోపీ కదల్లేదు. గెంతాడు. కదల్లేదు. పూనకం వచ్చినట్టు ఊగాడు. ఊహుఁ!

"పట్టింది! సరిగ్గా పట్టింది! అచ్చం ప్రభువుల తలే!" అని అరిచేశాడు దళవాయి సంబరం పట్టలేక.

"అందరూ విన్నారుగా?" అంది పేరమ్మ. కొట్టుకి మనిషిని తోలి, ఇరవైనాలుగు మూరల పట్టుపాగా తెప్పించి, టోపీ తీసేసి ఐలయ్య తలకి చుట్టడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. రెండు చుట్లు.

రాజుగారు దిగ్గున లేచాడు. "పేరమ్మా! అది నా పాగా!"

"ప్రభువుల మాటే పాటిస్తున్నాను. టోపీయే మనిషికి కొలత అన్నారు. తల చిన్నదైతే మనిషి చిన్న, పట్టినవాడు మీకు తగినవాడు అన్నారు. ఈ తలా ఆ తలా ఒకటేనని దళవాయిగారు ఊరందరి ముందూ చెప్పారు. మన కట్టుబాటు ప్రకారం సమానమైన తలకి సమానమైన పాగా. ఐలయ్యగారూ, కాస్త కదలకండి."

"నాకొద్దు తల్లీ, నా మానాన నన్ను పోనీ!" అని ఐలయ్య ఏనుగు వెనక్కి చూశాడు.

"ఆపు! ఏనుగుకి గడ్డి వేసేవాడూ నేనూ ఒకటా?"

"కాదంటారా? అయితే టోపీకీ మనిషి గొప్పతనానికీ సంబంధం లేదన్న మాట. అప్పుడు భటుల తలలు అల్పమూ కావు, వాటికి కొట్టిన మల్లోజుది తప్పూ కాదు. రెంటిలో ఒకటి చెప్పండి ప్రభూ. నా చేతిలో ఇంకా ఇరవై మూరలుంది."

రాజుగారు ఐలయ్యని చూశాడు. ఐలయ్య రాజుగారిని చూశాడు. గుమ్మడికాయంత తలలు రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. ఐలయ్యకి నవ్వు ఆగలేదు. అది చూసి రాజుగారికీ ఆగలేదు. సింహాసనం చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"తలారీ, నీ కత్తి తీసుకుని వెళ్ళు. మల్లోజు వేలు మల్లోజుకే. భటులంతా ఎక్కడివాళ్ళు అక్కడే. కానీ పేరమ్మా, ఈ ఏడువందల టోపీలూ నేనేం చేసుకోను? పప్పు వండించనా?"

"అక్కర్లేదు" అంటూ ఆమె ఒక భటుణ్ణి పిలిచి, కొట్టులోంచి తెప్పించిన వాడి ఎనిమిది మూరల పాగా తలకి బిగించి చుట్టి, పైన టోపీ దించింది. టోపీ అచ్చంగా కూర్చుంది. "మీ ముత్తాతగారి బంట్లు దూది కుట్టిన టోపీ పెట్టేవాళ్ళు. తాతగారి కాలంలో దున్నతోలు వచ్చింది. నాన్నగారి కాలంలో ఇనప గొలుసుల ముసుగు. పైన ఏది మారినా లోపల గుడ్డ మాత్రం మారలేదు. ఎందుకో చూస్తారా? మల్లోజూ, నీ సుత్తి ఇలా ఇవ్వు."

గుడ్డ లేని దళవాయి టోపీ మీద ఒక్కటిచ్చింది. టంగ్!

"ఎవరు పిలిచారు?" అన్నాడు దళవాయి నాలుగు దిక్కులా చూస్తూ.

పాగా చుట్టుకున్న భటుడి టోపీ మీద అంతే గట్టిగా ఇంకొకటిచ్చింది. "ఏమైనా తెలిసిందా?"

"ఏం తెలియాలి, పేరమ్మక్కా?"

"వెనక వేలాడే ఈ కొంగు కత్తివేటు మెడకి తగలకుండా కాస్తుంది. చెయ్యి విరిగితే కట్టుకోవచ్చు. దాహమేస్తే బావిలోంచి నీళ్ళు తోడుకోవచ్చు. ఇత్తడి మీ ముచ్చటకి, గుడ్డ వాళ్ళ ప్రాణానికి. రెండూ ఉండనివ్వండి."

ఆ సాయంత్రమే కవాతు మళ్ళీ జరిగింది. తలలు తిరిగాయి, టోపీలూ తిరిగాయి. దళవాయి మాత్రం రాజాజ్ఞ ప్రకారం పొద్దువాలే దాకా ఉత్త టోపీతోనే నిలబడ్డాడు. రాజుగారు తన చేతి బంగారు కడియం తీసి పేరమ్మకిచ్చాడు. మొహమాటపడకుండా తీసుకుంది. మల్లోజుకి ఒక కొత్త సుత్తి ఇప్పించింది.

ఆ రోజే ఆమె ఒక నిర్ణయం తీసుకుంది. ఇకమీదట తల ఎదురుగా లేకుండా కొలత ఎవరికీ ఇవ్వకూడదని. మర్నాడు పొద్దున్నే పెట్టెలోని దారాలన్నీ పొయ్యిలో వేసింది.

నెల తిరక్కుండా రాజుగారి దగ్గర్నుంచి మనిషి వచ్చాడు. "ప్రభువులకు కొత్త కిరీటం. పాత కొలత పంపమన్నారు."

"కొలత లేదు" అంది పేరమ్మ. "తలని పంపమను."

వాడు వెళ్ళి ఆ మాట అలాగే చెప్పాడు. కాసేపటికి రాజుగారే నవ్వుకుంటూ కొట్టుకి వచ్చి ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. పేరమ్మ కొత్త దారం తీసి, కొలిచి, పని కాగానే ఆయన ముందే దాన్నీ పొయ్యిలో వేసింది.