తిప్పక్క కళ్లం

అనగనగా అంటే నిన్నమొన్నటి మాట కాదు. ఇంట్లో రాట్నం తిరిగితేనే పొయ్యి మీద ఎసరు పెట్టే కాలం నాటి మాట. నల్లరేగడి నేలలో, పత్తిచేల నడుమ, ఏకులదిన్నె అని ఒక ఊరు. ఊఁ కొట్టండి, లేకపోతే కథ నిద్రపోతుంది.

ఆ ఊళ్ళో ఒక వాయిద్యం ఉండేది. రాట్నకిన్నెర అనేవాళ్ళు. చూడ్డానికి ఏముంది, ఒక చెక్కపెట్టె, దాని కడుపులో చిన్న చక్రం, ఆ చక్రాన్ని రాసుకుంటూ రెండు తీగలు. కుడిచేత్తో పిడి తిప్పితే చక్రం తిరుగుతుంది. చక్రానికి గుగ్గిలం పూస్తారు, తీగలకు దూది చుడతారు. ఒక తీగ పాట పాడుతుంది. రెండోది పాట ఏదైనా సరే ఒకటే మోత. అత్త చెప్పేదానికంతా కొత్తకోడలు ఊఁ కొట్టినట్టు, ఊఁ అంటూనే ఉంటుంది.

విత్తనం వేసే రోజున కిన్నెర వాయించేవాళ్ళు. పెళ్ళికి వాయించేవాళ్ళు. పాడె ముందర వాయించేవాళ్ళు. ఎక్కడ వాయించినా కట్టడి ఒకటే. చక్రం ఆగరాదు, మోత తెగరాదు.

పాడె ముందర ఆ కట్టడి మరీ గట్టిది. ప్రాణం పోయిందని తెలిసిన ఘడియ నుంచి కాట్లో మన్ను వేసేదాకా చక్రం తిరుగుతూ ఉండాల్సిందే. నూలుపోగు పట్టుకుని నడిచినట్టు, పోయినవాడి ప్రాణం ఆ మోత పట్టుకుని నడుస్తుందని వాళ్ళ నమ్మకం. మోత మోగినంతసేపు ఆడా మగా అందరూ వెంట నడవచ్చు గానీ, ఎవరూ గొంతెత్తి ఏడవకూడదు. అందరి ఏడుపూ కిన్నెరే ఏడుస్తుంది. ఊరూరా దింపుడు కళ్లం ఉంటుంది కదా, దారి మధ్యలో పాడె దించి, పోయినవాణ్ణి చెవి దగ్గర మూడుసార్లు పిలిచే చోటు. ఏకులదిన్నెలో అది లేదు. చక్రం ఆగరాదు కాబట్టి పాడె దిగరాదు.

కిన్నెర వాయించేవాడు ఓబుళప్ప. వాళ్ళ తాత వాయించాడు, తండ్రి వాయించాడు, ఆయన వాయిస్తున్నాడు. చెయ్యి తిప్పడం మొదలుపెడితే ఎద్దు గానుగ తిప్పినట్టే, పక్కన పిడుగు పడ్డా తొణకడు. ఆయనకు ఒక్కడే కొడుకు, మారెన్న. వాడికి వినడం ఇష్టం, నేర్చుకోవడం కష్టం.

ఆ కిన్నెర తీగలకు దూది చుట్టిపెట్టేది తిప్పక్క. నా అన్నవాళ్ళు లేని మనిషి. నూలు వడుక్కుని బతికేది. పత్తిలో గింజ తీసేటప్పుడు ఆమె వేళ్ళు చూసి, ఇంత మెత్తటి చెయ్యి మళ్ళీ దొరకదని ఓబుళప్పే పిలిచి కిన్నెర నేర్పాడు. పేరు తిప్పక్క, పని తిప్పడం, ఇంక అడ్డేముందని ఊళ్ళో నవ్వుకున్నారు. నేర్చుకుంది. బాగా నేర్చుకుంది. ఒక్కటే చిక్కు. నేర్పింది నేర్పినట్టు వాయించి ఊరుకునే మనిషి కాదు.

మొదటిసారి, విత్తనం వేసే రోజున. తీగ కింద ఒక వదులు పుల్ల దోపి, పిడిని మణికట్టుతో విసిరి విసిరి తిప్పింది. కిన్నెర దూదేకే విల్లులాగా జుమ్ముజుమ్మున మోగింది. పుల్ల చెక్కి ఇచ్చింది మారెన్నే. "ఇంకోసారి తిప్పు తిప్పక్కా, ఇంకోసారి" అని చేలో గంతులేశాడు.

ఓబుళప్ప పరుగున వచ్చాడు. "ఏందమ్మే ఆ గోల? కిన్నెర వాయిస్తాండావా, దూది ఏకుతాండావా?"

"రెండూ మామా. బాగలేదా?"

"బాగుంటే పోయి విల్లు కొనుక్కో. దీనికి మా తాత కిన్నెరే కావాల్నా?"

రెండోసారి, ఒక పెళ్ళిలో. తీగలకు చుట్టిన దూది పీకేసింది. కిన్నెర గరగరమని, పళ్ళూడిన ముసలమ్మ చాడీలు చెబుతున్నట్టు మోగింది. పెళ్ళికూతురు తలంబ్రాల దోసిలి పట్టుకునే పకపక నవ్వింది. పెళ్ళికొడుకు తల్లికి మూతి మూడు వంకరలు పోయింది. ఓబుళప్ప ఆమెతో మూడు రోజులు మాట్లాడలేదు.

మూడోసారి చేసింది వినండి. దానికి ఓబుళప్పకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన వాకిట్లో కూచుని పాట వాయిస్తూ వాయిస్తూ, నట్టనడుమ చెయ్యి ఆపేసింది. ఒక్క ఊపిరిసేపు. మళ్ళీ తిప్పింది.

"ఎందుకు ఆపితివి?" అన్నాడు ఓబుళప్ప.

"ఇనాలని మామా."

"ఏమి ఇనాలని?"

"మోతను. మోగినంతసేపూ అది మనకు యాడ ఇనపడుతుంది? ఆగినాకనే గదా, ఇంతసేపూ మోగింది ఇదా అని తెలిసేది."

ఓబుళప్ప తిట్టలేదు. ఆయన మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. పక్కన కూచుని చెప్పాడు. "అమ్మీ, మా తాత కాలంలో ఊరికి గత్తర వచ్చింది. ఇంటింటా శవం, ఇంటింటా ఏడుపు. ఎవురి ఏడుపు వాళ్ళదే. పాడె లేపేదానికి ఒక్క కాలు కదల్లేదు. అప్పుడు మా తాత కిన్నెర ఎత్తుకుని ముందర నడిచినాడు. మీ ఏడుపు దీనికియ్యండి, మీరు నడవండి అన్నాడు. నడిచినారు. ఆపితే మళ్ళా కూలబడతారని భయపడి ఆపలేదు. ఆ భయంలోంచి పుట్టింది ఈ కట్టడి. ఆట కాదు."

తిప్పక్క తల దించుకుంది.

"విత్తనాలకాడ ఏమన్నా చేసుకో. పెండ్లిలో ఏమన్నా చేసుకో. పాడె ముందర మాత్రం చక్రం ఆగరాదు, మోత తెగరాదు. ఒట్టెయ్యి."

తిప్పక్క చక్రం మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఊరంతా బావి తవ్వడానికి దిగింది. ఒకనాటి మధ్యాహ్నం గట్టు విరిగి పడింది. కింద ఉన్నది మారెన్న. పైకి తీసేటప్పటికి ప్రాణం లేదు.

మైల పడ్డ చెయ్యి చక్రం తాకకూడదు. తండ్రి కాబట్టి ఓబుళప్ప వాయించకూడదు. ఆయనే కిన్నెర తెచ్చి తిప్పక్క ఒళ్ళో పెట్టాడు.

"ఒట్టు గుర్తుండాదా?"

"ఉండాది మామా."

మోత మొదలైంది. మారెన్న తల్లి గురమ్మ కొడుకు పక్కన కూచుంది. ఆమె కంట్లో చుక్క లేదు. నీళ్ళిస్తే తాగలేదు, పిలిస్తే పలకలేదు. ఊళ్ళో పెద్దముత్తైదువ ఒకామె తిప్పక్క చెవిలో అంది, "మన్నేసినాక ఎవురి మొకం చూసి ఏడుస్తాది? ఇది ఇట్లనే బిగుసుకుని వాడి ఎనకాలే పోతాది."

పాడె లేచింది. తిప్పక్క ముందు నడుస్తోంది, చక్రం తిరుగుతోంది. ఊరి గవిని, అదే ఊరి వాకిలి, దాటేటప్పుడు వెనక్కి చూసింది. గురమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి. పత్తిచేను గట్టు మీద మళ్ళీ చూసింది. గురమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నడుస్తోంది, కళ్ళు పొడిగానే ఉన్నాయి. తుమ్మచెట్టు దగ్గర మూడోసారి చూసింది. గురమ్మ అడుగు తడబడింది. అయినా కొంగు తీయలేదు. కట్టడి కదా.

తిప్పక్క చెయ్యి ఆగింది.

చక్రం ఆగింది. మోత తెగింది. పాడె మోసేవాళ్ళ కాళ్ళు ఉన్నచోటే నిలిచిపోయాయి. ఏం చెయ్యాలో తెలియక పాడె కిందికి దించారు. ఓబుళప్ప చెయ్యెత్తుకుని ముందుకు వచ్చాడు. కొడతాడనే అనుకున్నారంతా.

అప్పుడు గురమ్మ నోట్లోంచి కొంగు జారింది. "మారెన్నా" అంది. మొదటి పిలుపు గొంతులోనే ఉండిపోయింది. రెండో పిలుపు పక్కవాళ్ళకు వినపడింది. మూడో పిలుపు చేలన్నీ దాటి ఊళ్ళో కట్టేసిన గొడ్లకు వినపడింది. కొడుకు మీద పడి ఏడ్చింది. తిప్పమని చెప్పబోయిన ఓబుళప్పకు మాటకు బదులు ఏడుపు వచ్చింది. ఎత్తిన చేత్తోనే ముఖం కప్పుకుని, కట్టడి కాపాడే ఆ పెద్దమనిషి పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

వాళ్ళు ఏడ్చినంతసేపూ ఉండి, తిప్పక్క చక్రానికి ఇంత గుగ్గిలం పూసి మళ్ళీ తిప్పింది. పాడె లేచింది. ఎవరూ కూలబడలేదు.

అంతా బాగుంది అనుకుంటున్నారా? తొందరపడకండి. కర్మంతరం అయ్యాక ఊరు కూచుంది. మోత తెగింది, మరి మారెన్న ప్రాణం నడిదారిలో ఎక్కడ పడిపోయిందో అని అందరికీ గుబులు. ఓబుళప్పను చెప్పమన్నారు.

"ఒట్టు తప్పింది," అన్నాడు ఆయన నేల చూస్తూ. "నా కొడుకు యాడుండాడో నాకు తెలీదు. తిప్పక్క ఇంక కిన్నెర తాకరాదు."

ఎదురు చెప్పడానికి తిప్పక్కకు మాత్రం ఏం తెలుసు? ఆమెదీ ఆ ఊరే, ఆమెదీ ఆ నమ్మకమే. నిజంగానే వాడు పడిపోయాడేమో అన్న భయం అందరికన్నా ఆమెకే ఎక్కువ.

మర్నాటి నుంచి ఆమె కదురు, ఏకులు తీసుకుని తుమ్మచెట్టు కిందికి పోయి కూచునేది. నూలు వడుకుతూ నోటితోనే మోత పెట్టేది. ఊఁ అంటూ, కిన్నెర పెట్టే మోతే. పొలాలకు పోయేవాళ్ళు పోయేటప్పుడు వినేవాళ్ళు, వచ్చేటప్పుడు వినేవాళ్ళు. పిచ్చి పట్టిందన్నారు. ఒకనాడు గురమ్మ వచ్చి ఎదురుగా కూచుంది.

"ఏం చేస్తాండావు తిప్పక్కా?"

"పోగు తెగితే పారేస్తామా గురమ్మా? తెగిన కొసకు ఇంత దూది ఆనించి మళ్ళా పేనుతాం. మోత ఈడనే గదా తెగింది. నీ కొడుకు ఈడ నిలబడి ఉంటే, దీన్ని పట్టుకుని పోతాడని."

గురమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "వాడు యాడా పడలా. నేను పిలిస్తే విన్నాడు, వినే పోయినాడు. కన్నదాన్ని, నాకు తెలీదా?"

"నీకు తెలిస్తే చాలు," అంది తిప్పక్క. అయినా వడకడం మానలేదు, మోత మానలేదు. గురమ్మ రోజూ ఆమెకు సంకటి ముద్ద తెచ్చేది. ఇద్దరూ తినేవాళ్ళు. గురమ్మ బతికింది, చూశారా. బతికింది.

ఏళ్ళు గడిచాయి. ఓబుళప్ప మళ్ళీ కిన్నెర పట్టాడు. ఎవరి పాడె ముందరా ఆయన చక్రం ఆగలేదు, మోత తెగలేదు. తుమ్మచెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి బరువెక్కేది. చెట్టు కింద ఆ మనిషి తల వంచుకుని ఊఁ అంటూ ఉండేది. ఆయన అటు చూడకుండా దాటేవాడు.

ఒకనాడు పొద్దు వాలేవేళ సంకటి తెచ్చిన గురమ్మకు, చెట్టుకు ఆనుకుని కదురు ఒళ్ళో పెట్టుకున్న తిప్పక్క కనిపించింది. మోత లేదు. పోగు తెగలేదు, మనిషి వెళ్ళిపోయింది.

నా అన్నవాళ్ళు లేరు కాబట్టి పాడె ఊరే కట్టింది. ముసలి ఓబుళప్ప కిన్నెర ఎత్తుకున్నాడు. ఊరి గవిని దాటారు. పత్తిచేను దాటారు. తుమ్మచెట్టు దగ్గరికి వచ్చారు. ఓబుళప్ప నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పాడె ముందర ఆగని చెయ్యి అది.

ఆపాడు.

"ఇనండి," అన్నాడు.

అందరూ విన్నారు. చెట్టు కింద ఏమీ వినపడలేదు. పొలానికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ, పెళ్ళికి పోయేటప్పుడూ పాడె మోసేటప్పుడూ, ఇన్నేళ్ళు అక్కడ మోగిన మోత లేదు. అది మోగుతోందనే సంగతి మరిచిపోయి ఎన్నేళ్ళయిందో. ఆగినాక తెలిసింది. ఆమె కోసం ఏడవడానికి ఒక్కరూ లేరనుకున్న ఆ ఊరు అక్కడ నిలబడి ఏడ్చింది.

గురమ్మ వంగి, "తిప్పక్కా" అని మూడుసార్లు పిలిచింది. ఓబుళప్ప కళ్ళు తుడుచుకుని అన్నాడు, "ఒట్టు తప్పిందని నేనంటిని. నా కొడుకును కడసారి ఏడ్చి పంపేదానికి నాకింత సందు ఇచ్చినావని అనలేకపోతిని అమ్మీ." చక్రానికి గుగ్గిలం పూశాడు, మళ్ళీ తిప్పాడు. పాడె లేచింది.

అప్పటి నుంచి ఏకులదిన్నెకూ దింపుడు కళ్లం వచ్చింది. దానికి తిప్పక్క కళ్లం అని పేరు. అక్కడ కిన్నెర ఆగుతుంది, అయినవాళ్ళు మూడుసార్లు పిలుస్తారు, గొంతెత్తి ఏడుస్తారు. మళ్ళీ తిప్పే ముందు వాయించేవాడు చక్రానికి ఇంత దూది తాకించి, గుగ్గిలం పూస్తాడు. ఇప్పటి కుర్రకారు పెళ్ళిలో ఆపుతారు, జాతరలో ఆపుతారు, విసిరి తిప్పుతారు, గరగరలాడిస్తారు. పాతకాపులు సణుగుతూనే ఉంటారు. సణగనీండి, వాయించనీండి. కళ్లం దగ్గర మాత్రం ఇద్దరి చెయ్యీ ఒక్కలాగే ఆగుతుంది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ, దుఃఖం గొంతులో పెట్టుకుని కళ్ళు పొడిగా కూచున్న మనిషి ఎవరైనా ఉంటే, పెద్దవాళ్ళు పక్కన చేరి వీపు మీద చెయ్యి వేస్తారు. ఓదార్పు మాటలేమీ చెప్పరు. "తిప్పక్క చెయ్యి ఆపింది నాయనా, ఇంక ఏడువు" అంటారు.

అందరి కథలూ కంచికి పోతాయట. ఇది మాత్రం తుమ్మచెట్టు దగ్గర కాసేపు ఆగి పోతుంది.