రెండో అరిసె

యుద్ధం రోజులు. మస్తాన్‌వలీ కొడుకు జమాలు విమానం నడపడం నేర్చుకుంటూ చనిపోయాడు. నేలకు దింపే పాఠంలో చక్రం గుంటలో పడి విమానం తలకిందులైంది. శత్రువు ఎక్కడో సముద్రానికి అవతల ఉన్నాడు.

మస్తాన్‌వలీ ఊళ్ళో అలా చెప్పలేదు. బర్మా మీద రెండు విమానాలు కూల్చి మరీ ఒరిగాడన్నాడు. పోయినవాడికి గొప్పలెందుకు? ఉన్నవాళ్ళకే ఆ యావ. దాంతో తల్లి ఫాతిమాబీని ఎవరూ ఏడవనివ్వలేదు. "వీరుణ్ణి కన్నావు, కన్నీళ్ళేంటమ్మా!" అని నోరు నొక్కేవాళ్ళు.

చనిపోయిన నలభయ్యో రోజున చదివించే ఫాతెహా దగ్గరపడింది. మస్తాన్‌వలీ దర్గాకి వెళ్ళి, తన గురువు హుసేన్‌తాత ముందు కూర్చున్నాడు.

"తాతా, ఆ రోజు జనం ముందు మీరొక్క మాట అనాలి. మావాడు యుద్ధంలో షహీదయ్యాడని. మీ నోట వస్తే ఇక తిరుగుండదు."

తాత గడ్డం నిమురుకున్నాడు. "అరిసెలు వండించుకురా," అన్నాడు.

"చావింట అరిసెలా!" అంది ఇంట్లో ఫాతిమాబీ. "మతి మీ తాతకి పోయిందా, మీకు పోయిందా?" అయినా వండింది.

ఫాతెహా రోజున, జనం రాకముందే, తాత దర్గా గడప దగ్గర్నుంచి వాకిట్లోకి అరిసెలు వరసగా పరిచాడు. పసివాడి అడుగుకీ అడుగుకీ మధ్య ఉండేంత ఎడంలో.

మస్తాన్‌వలీ గడప దగ్గరే ఆగి వాటి వంక చూశాడు.

"జమాలుకి అడుగుల పండగ చేశావుగా," అన్నాడు తాత. "ఎందాకా నడిచాడు?"

"రెండో అరిసె దాకా. దాని మీదే బోర్లా పడ్డాడు."

"ఊరికేమని చెప్పావు?"

"పడ్డాడనే. నవ్వుకుంటూ ఇంటింటికీ తిరిగి చెప్పాను."

తాత వంగి, రెండో అరిసె తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

జనం వచ్చి కూర్చున్నారు. దువా చదవడం అయ్యింది. "ఏదీ మస్తానూ, మీవాడు శత్రువుల్ని ఎలా కూల్చాడో ఇంకోసారి చెప్పు, విందాం," అన్నాడు ఒక పెద్దమనిషి, అదేదో తోలుబొమ్మలాటైనట్టు.

మస్తాన్‌వలీ తాత వంక చూశాడు. తాత కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"ఎవర్నీ కూల్చలేదు బాబాయ్," అన్నాడు. చేతిలో అరిసె నలిగి పొడైంది. "నేర్చుకుంటూ పడ్డాడు."

గడప పక్కన ఫాతిమాబీ గొల్లుమంది. ఈసారి ఎవరూ ఊరుకోమనలేదు.