రెండు ఒడ్ల తిరగలి

పూర్వం మునగదిన్నె అనే ఊళ్లో రెండిళ్లకు కలిపి ఒక తిరగలి ఉండేది. అది ఎవరిదని అడిగితే ఇద్దరు ఇల్లాళ్లూ ఒకరినొకరు చూపించేవారు. పొద్దున్నే ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి మీద చెరొక చెయ్యి వేసి రాగులు విసిరేవారు. ఇప్పుడు ఆ అలవాటు లేదు. అది ఎలా పోయిందో చెబుతాను, వినండి.

ఆ ఊళ్లో నాంచారమ్మ, సూరాంబ ఇరుగుపొరుగు. వారికి చుట్టరికం లేదు. అయినా ఒకరినొకరు "వదినా" అని పిలుచుకునేవారు. వారి తిరగలి నల్లరాతిది. కింది రాయికి నడుమ ఇనుప చీల ఉండేది. పై రాయికి నడుమ గింజలు పోసే రంధ్రం, అంచున కర్ర పిడి ఉండేవి.

ఒక ఏడు ఉత్తరపు రాజుకూ దక్షిణపు రాజుకూ యుద్ధం వచ్చింది. ఎందుకు వచ్చిందో మునగదిన్నెలో ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం పొలిమేరలో గుర్రాలు కనిపించాయి. జనం చేతికందినది పట్టుకుని ఏటి రేవుకు పరుగెత్తారు.

"వదినా, రెండు రాళ్లూ ఒక్కరం మొయ్యలేం. పైది నువ్వు తీసుకో, కిందిది నేను తెస్తా," అంది సూరాంబ.

"సరే, ఆవలి ఒడ్డున కలుపుకుందాం," అంది నాంచారమ్మ. తల్లి లేని రెండేళ్ల మనవరాలు బుల్లెమ్మను చంకన వేసుకుని, రాయిని నెత్తిన పెట్టుకుంది.

తామిద్దరూ ఎప్పటికీ ఒక చోటే ఉంటామని వారు అనుకున్నారు. వారు చేసిన తప్పు అదొక్కటే.

సగం మంది ఏటిలో దిగేసరికి గుర్రాలు రేవును అడ్డగించాయి. నీళ్లలో ఉన్నవారు ముందుకు పోయారు. గట్టున ఉన్నవారు వెనక్కి పోయారు. నాంచారమ్మ ఉత్తరపు ఒడ్డుకు చేరింది. సూరాంబ ఏమైందో తెలియలేదు. ఆనాటి నుంచి ఆ ఏరే రెండు రాజ్యాలకు సరిహద్దు అయింది.

ఉత్తరపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద తాటాకు పాకలు వేసి జనాన్ని ఉంచారు. నాంచారమ్మ నెత్తి మీది రాయిని దించితే నవ్వనివారు లేరు.

"అందరూ బంగారం మూటగట్టుకుంటే ఈమె బండను మోసుకొచ్చింది!" అంది ఒక ఇల్లాలు.

"అది బండ కాదే, ఆమె ఆడపడుచు. వదిలిపెట్టి ఎలా వస్తుంది?" అన్నాడు ముసలి బసవయ్య.

నాంచారమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె నవ్వలేదు.

ఉత్తరపు రాజుగారి దానాధికారి మంచివాడే. పది బళ్ల రాగులు పంపాడు. పెద్దలు గింజలు ఉడకబెట్టుకుని ఎలాగో మింగారు. పసిపిల్లలకు అవి అరగలేదు. ఆ దిబ్బల మీద విసరడానికి పనికొచ్చే బండ దొరకదు. ఏటి గులకరాళ్లతో నూరితే పిండిలో ఇసుక కలిసింది. బుల్లెమ్మ తిన్నది తిన్నట్టే కక్కింది.

పిల్లలు నీరసిస్తున్నారని కబురు వెళ్లింది. దానాధికారి ఇరవై బళ్ల రాగులు పంపాడు.

ఒక పసివాడు చనిపోయాడని కబురు వెళ్లింది. దానాధికారి కన్నీళ్లు పెట్టుకుని నలభై బళ్ల రాగులు పంపాడు. ఈసారి బళ్ల ముందు డప్పులు కూడా వచ్చాయి.

గింజల రాశి పాకల కంటే ఎత్తుగా పెరిగింది. దాని నీడలో బుల్లెమ్మ కళ్లు తెరవకుండా పడుకుని ఉంది.

ఉప్పు లేకుండా ఏ సేనకూ పూట గడవదు. అందుచేత ఉప్పు అమ్ముకునే గవరయ్యను మాత్రం రెండు సేనలూ ఏరు దాటనిచ్చేవి. అతడు ఒకనాడు గాడిదను తోలుకుంటూ ఆ పాకల నడుమకు వచ్చాడు. రాశిని చూశాడు. పిల్లను చూశాడు.

"అమ్మా, ఇన్ని గింజలున్నాయి కదా, మీకు తక్కువైంది ఏమిటి?" అని అడిగాడు.

నాంచారమ్మ అతడి ముఖంలోకి చూసింది. అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు.

"కింది రాయి, నాయనా," అంది.

గవరయ్య పై రాయిని తడిమి చూశాడు. "ఇటువంటి నల్లరాయే దక్షిణపు ఒడ్డున ఉంది. ఒకావిడ దాన్ని పీటలా వేసుకుని కూర్చుంటుంది. ఎవరైనా నవ్వితే తిడుతుంది."

"ఏమని తిడుతుంది?"

"'మీ నోట్లో రాగులు పొయ్య!' అంటుంది."

"మా వదినే! బతికే ఉంది," అని నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరునాడు కింది రాయి గాడిద మీద ఏరు దాటింది. రేవు దగ్గర కాపలావాడు, "రాయితో ఏం చేస్తావోయ్?" అన్నాడు. "అంబలి కాస్తాం," అన్నాడు గవరయ్య. కాపలావాడు నవ్వి వదిలేశాడు. ఆ సాయంత్రం బుల్లెమ్మ నాలుగు గుటకల అంబలి తాగింది. దాన్ని కక్కలేదు.

మూడు రోజులకు సరిపడా పిండి విసరగానే నాంచారమ్మ రెండు రాళ్లనూ గాడిద మీదికి ఎత్తించింది. "అక్కడా పసివాళ్లుంటారు. మా వదినకు ఇచ్చిరా."

సూరాంబ కూడా మూడు రోజులకు సరిపడా విసిరి, "మా వదిన మనవరాలికి మళ్లీ పిండి కావద్దా?" అని రెండు రాళ్లనూ తిప్పి పంపింది.

ఆ మూడో ప్రయాణంలో గాడిద ఏటి నడుమ ఇసుక తిన్నె మీద కూర్చుండిపోయింది. గవరయ్య బతిమాలాడు, అదిలించాడు, కోప్పడ్డాడు. అది లేవలేదు. చివరికి అతడు తిరగలిని అక్కడే దించి ఇద్దరు దళపతుల దగ్గరకూ వెళ్లాడు.

"దాన్ని అక్కడే ఉండనివ్వండి. రోజూ పొద్దున ఒడ్డుకొక ఆడమనిషి వచ్చి విసురుతుంది. మీ సైనికులకూ పిండి దొరుకుతుంది," అన్నాడు.

సైనికులు కూడా ఉడికీ ఉడకని గింజలే మింగి కడుపు పట్టుకుని తిరుగుతున్నారు. దళపతులు ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు: ఆ ఇద్దరూ ఒక్క మాటైనా మాట్లాడరాదు. మాటలతో పాటు రహస్యాలు ఏరు దాటుతాయని వారి భయం.

ఆ విధంగా నాంచారమ్మ, సూరాంబ మళ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. పిడి మీద చెరొక చెయ్యి వేశారు. మాట లేదు, పాట లేదు. రెండు ఒడ్లలోనూ పిల్లలు లేచి తిరిగారు.

గవరయ్య అక్కడితో ఊరుకోలేదు. దానాధికారి దగ్గరకు వెళ్లి, "అయ్యా, ఇక రాగులు పంపకండి," అన్నాడు.

"దానం చెయ్యవద్దంటావా?"

"చెయ్యమనే అంటున్నాను. ఒక్కసారి వచ్చి, వాళ్లకేం కావాలో అడగండి."

దానాధికారి వచ్చాడు. ఈసారి డప్పులు లేవు. ఇసుకలో కూర్చుని అడిగాడు, విన్నాడు. నాలుగోసారి బళ్లలో పాకకొక తిరగలి వచ్చింది. ఆ సంగతి విని, తాను తీసిపోకూడదని దక్షిణపు రాజు కూడా అలాగే పంపాడు.

"ఇక ఏటి నడుమ పని లేదు. రేపటితో ఆఖరు," అన్నారు దళపతులు.

మరునాడు ఇద్దరూ ఎప్పటి వేళకే వచ్చారు. నాంచారమ్మ వెంట బుల్లెమ్మ నడిచి వచ్చింది. సూరాంబ దాని బుగ్గ పట్టుకుని చూసింది. ఇద్దరి పాకల్లోనూ పిండి ఉంది. అయినా తెచ్చిన రాగులన్నీ విసిరారు. నాంచారమ్మ కనుబొమల మీద పిండి పడితే, సూరాంబ ఎప్పటిలాగే ముందుకు వంగి ఉఫ్ మని ఊదింది. ఊదడం మాట కాదు కనుక కాపలావాడు ఏమీ అనలేదు. ఆనాటి నుంచి ఇంటికొక తిరగలి అయింది; ఒకే పిడి మీద చెరొక చెయ్యి వేసే అలవాటు అలా పోయింది.

ఆపదలో ఉన్నవారిని ఆదుకోదలచినవారు, చెయ్యి చాచే ముందు వారికి తక్కువైనదేమిటో అడిగి తెలుసుకోవాలి.