యోబుకి మళ్లీ పుట్టిన పిల్లలు

"నోట్సులో ఉన్నదే చెప్పాను అయ్యగారూ. నా సొంత ముక్క ఒక్కటి కలిపితే అడగండి" అన్నాడు నందం.

సంఘం పాస్టరు యేసోబయ్యగారు బీరకాయ చెక్కు తీస్తున్నారు. తలెత్తలేదు.

నందం బైబిలు స్కూలు నుంచి ఈ సంఘానికొచ్చి, అయ్యగారింట్లో దిగి పట్టుమని పది రోజులు కాలేదు. రాగానే ఎస్తేరమ్మ ఇంట్లో ఆదరణ కూడిక. ఆమె ఒక్కగానొక్క కొడుకు కాలవలో పడి పోయాడు. నందం యోబు గ్రంథం చివరి అధ్యాయం తీశాడు. పెద్దపెద్దవాళ్లే తడబడే చోటు. అయినా భయమెందుకు? అతని బైబిల్లో పేజీ కింద సగానికి సగం నోట్సే.

"పోయిన పదిమంది పిల్లలకి బదులు దేవుడు యోబుకి మళ్లీ పదిమందినిచ్చాడమ్మా. లెక్క సరిపోయింది" అన్నాడు.

అందరూ ఆమేనన్నారు. ఎస్తేరమ్మ మాత్రం లేచి లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. అప్పట్నుంచి ఎవరు పిలిచినా తలుపు తియ్యట్లేదు. గుమ్మంలో పెట్టిన అన్నం గుమ్మంలోనే ఉంటోంది.

"అంటే నోట్సు తప్పంటారా?" అన్నాడు నందం.

"తప్పని ఎవడన్నాడ్రా? ఆ కత్తిపీట ఇటు జరుపు."

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే నందం తలగడ పక్కన బైబిలు లేదు. దాని చోట కొత్తది నిగనిగలాడుతోంది.

"అయ్యగారూ, నా బైబిలేదండీ?"

"చేతిలోనే ఉందిగా."

"ఇది నాది కాదు."

"పాతది కాలవలో పడిపోయింది. బదులు ఇదుంచు. అదే అచ్చు, అవే నోట్సు. లెక్క సరిపోయింది."

నందం కొత్తదాన్ని గబగబా తిరగేశాడు.

"కాలవలోనా! అయ్యో, అది మా అమ్మదండీ! అమ్మకి చదువు రాదు. నేను చదువుతుంటే వంటచేత్తోనే పేజీ తడిమేది. ఆ పసుపు మరకలు... అమ్మ పోయాక నాకు మిగిలిందే అవి. ఇందులో ఏవండీ అవి?"

"మరకలదేముందిరా. నోట్సున్నాయి కదా."

నందం ఈయనేనా మాట్లాడేది అన్నట్టు చూశాడు.

అయ్యగారు లేచి బియ్యం డబ్బా మూత తీశారు. లోపల్నుంచి పాత బైబిలు తీసి, తవుడు దులిపి, అతని ఒళ్లో పెట్టారు.

"నీది తిరిగొచ్చిందిరా" అన్నారు.

అంతే. వెళ్లి పొయ్యి ముట్టించుకున్నారు.

నందం పేజీ తిప్పలేదు. అట్ట మీద చెయ్యేసి అలాగే ఉండిపోయాడు. తర్వాత రెండు బైబిళ్లూ అక్కడే పెట్టేసి, ఎస్తేరమ్మ ఇంటికి నడిచాడు. మూసిన తలుపు ముందు కూలబడ్డాడు. ప్రార్థన చెయ్యలేదు. వాక్యం చెప్పలేదు.

"అక్కా, బాబు పేరేంటి? ఆరోజు నేను అడగనే లేదు."

లోపల గడియ కదిలింది.